అజయ్ కుమార్ చూపుడువేలు

నంద్యాల జిల్లా అయిన సంవత్సరంలోనే ఆ ఊరి నూనెపల్లెలో ఇంకో సంఘటన కూడా జరిగింది. మొదటిదాని గురించి అన్ని పత్రికలూ రాసినాయి. రెండోదాన్ని ఏ పత్రికా పట్టించుకోలేదు కాబట్టి ఆ లోటు ఇక్కడ పూరించవలసి వస్తోంది. ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనాలైనాక, అజయ్ కుమార్ అనే సివిక్స్ లెక్చరరు తన ఇంటి వరండాలో కూర్చుని, ఎడమచేతిలో ముక్కలు పట్టుకుని, కుడిచేతి చూపుడువేలు పైకెత్తి "ఒక్క నిమిషం" అన్నాడు. అని, ఒళ్లో ఉన్న రూల్సు పుస్తకం తెరిచినాడు.

ఆనాడు లేచిన వేలు ఆ తర్వాత ఏ ఆదివారమూ లేవకుండా ఉండలేదు. కొత్త జిల్లాకు కలెక్టర్లు మారినారు, ఆఫీసుల బోర్డులు మారినాయి, వేలు మారలేదు. ఎవరైనా ముక్క దించితే లేస్తుంది. దించబోతే లేస్తుంది. దించుదామా వద్దా అని మనసులో అనుకుంటున్నా, ఎట్లా కనిపెడుతుందో, కనిపెట్టి లేస్తుంది. దగ్గరుండి పరిశీలించినవారు దాంట్లో తరగతులు కూడా గుర్తించినారు. కొంచెం వంగి లేస్తే చిన్న సందేహం. నిటారుగా లేస్తే పుస్తకం తప్పదు. నిటారుగా లేచి, పైన కళ్లు కూడా మూతపడినాయంటే ఆ సందేహం ఆట తయారుచేసిన కంపెనీకి ఈమెయిలుగా పోతుందని అర్థం.

అజయ్ కుమార్‌ది పాములపాడు. నాయన అక్కడి బడిలో టీచరు. గీత దాటిన పిల్లవాని అరచేతిలో ఇంకో గీత పెట్టిన మనిషి. కొడుకు ఆ గీతల మీదే ఎం.ఏ. చేసినాడు, అంటే పొలిటికల్ సైన్సు. ఇప్పుడు నంద్యాలలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతాడు. ఆ కాలేజీ గేటు మీద ర్యాంకులు తెచ్చిన పిల్లల ఫోటోలతో లారీ అంత ఫ్లెక్సీ ఉంటుంది. అందులో సివిక్స్ చదివినవాడు ఒక్కడూ ఉండడు. సివిక్స్ పీరియడు వేరే సబ్జెక్టుల రికార్డులు రాసుకోవడానికి ప్రభుత్వం ఇచ్చిన వెసులుబాటని పిల్లల నమ్మకం. ఇన్నేళ్ల సర్వీసులో వాళ్లు ఆయన్ను అడిగిన ప్రశ్న ఒకటే: ఇది పరీక్షలో వస్తుందా సార్, అని. ప్రాథమిక హక్కులన్నీ ఒక్కరోజులో పోయినా రెండో ప్రశ్న పుట్టేటట్టు లేదు.

అట్లాంటి మనిషిని ఆదివారం మధ్యాహ్నం ఒకడు, ముక్క చేత్తో పట్టుకుని, "అప్పా, ఇది ఇప్పుడు ఏయొచ్చునా?" అని అడుగుతాడు. మిగతా ఆరు రోజులూ అజయ్ కుమార్ బతికేది ఆ ప్రశ్న కోసమే.

అడిగేవాని పేరు నరసింహులు. ఆళ్ళగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే కుటుంబం. డిగ్రీలో ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. తర్వాత అజయ్ కుమార్‌కు పరిచయాలు చాలా అయినాయి గానీ స్నేహితుడని చెప్పుకోవడానికి మిగిలింది ఈ ఒక్కడే. నరసింహులు వారమంతా ఉలీ సుత్తీ పట్టుకుని దుమ్ములో కూర్చుని, ఆదివారం తలంటుకుని బస్సెక్కి నంద్యాలకు వస్తాడు. అజయ్ కుమార్ కుటుంబం చర్చి నుంచి ఇల్లు చేరే వేళకు ఈయన వరండాలో పేపరు చదువుతూ ఉంటాడు. అందరూ కలిసి సంగటీ కోడికూరా తింటారు. తర్వాత పెట్టె తెరుస్తారు.

ఆ పెట్టె అజయ్ కుమార్ భార్య రూతు వాళ్ల తమ్ముడిది. బెంగుళూరులో రూము ఖాళీ చేస్తూ దాన్ని అక్క ఇంట్లో పడేసి పోయినాడు. పైన ఇంగ్లీషులో ఏదో పెద్ద పేరుంది గానీ ఇంట్లో దాన్ని వీరులాట అంటారు. రమ్మీ లాగా ఒకరి మీద ఒకరు ఆడేది కాదు. ఆడేవాళ్లంతా ఒక జట్టు. తలా ఒక వీరుడో వీరనారో అవుతారు. అవతల పక్క ఒక విలన్ ఉంటాడు, వాడు మనిషి కాదు, ముక్కల కట్ట. వాని పేరు పలకడం కష్టం కాబట్టి, నోట్లోంచి పచ్చ పొగ వదులుతుంటాడు కాబట్టి, పొగోడు అని పేరు పెట్టినారు. అందరి వంతులూ అయినాక వాని వంతు వస్తుంది. వాడు పట్టణం మీదికి ఇంకొంత పొగ వదులుతాడు. పొగ పట్టణమంతా కమ్ముకునే లోపల వాని బలం సున్నాకు తేవాలి. తెస్తే అందరూ గెలిచినట్టు. లేకపోతే అందరూ ఓడినట్టు. మధ్యే మార్గం లేదు.

ఎన్ని ఆదివారాలు ఆడినా పొగ ఒక్కసారి కూడా ఆగలేదు.

వీరుల పంపకం మొదటిరోజే జరిగింది. అజయ్ కుమార్ డాలు పట్టిన వీరుడు; ఎవరికి దెబ్బ తగలబోయినా అడ్డం పోతాడు, అడ్డం పోవచ్చునో లేదో పుస్తకంలో చూసుకుని. రూతు మెరుపులు విసిరే ఆమె. రూతు నిజంగా స్టాఫ్ నర్సు, వారమంతా నైట్ డ్యూటీలు చేసి ఆదివారం కూడా నిద్రపోకుండా పట్టణాన్ని రక్షించవలసి రావడం గురించి ఆమె అభిప్రాయం ఆమె ముఖం మీదే ఉంటుంది. నరసింహులుకు రాతిమనిషి వచ్చినాడు. "ఆరు దినాలూ రాయితోనే సస్తాండా. ఏడో దినం గూడా రాయేనా?" అని ఆయన గొణిగినాడు. పంపకం మాత్రం మారలేదు.

నాలుగో చేతిలోకి ముక్కలు ఎట్లా వచ్చినాయో చెప్పాలంటే అజయ్ కుమార్ అత్త కమలాక్షమ్మ గురించి చెప్పాలి.

కమలాక్షమ్మ కూతురి దగ్గరే ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం చేటలో శనక్కాయలు పోసుకుని ఒలుస్తూ వరండాలోనే కూర్చుంటుంది. మొట్టమొదటి రోజు అజయ్ కుమార్ ముగ్గురికే ముక్కలు పంచినాడు. ఆమె ఒలుపు ఆపలేదు. కాసేపటికి, ఎవరూ అడక్కుండానే, "కానీండి నాయనా, కానీండి. నేనెవరు," అని మాత్రం అనింది. ఆ ఇంట్లో కొత్త మామిడిపండు కోస్తే మొదటి ముక్క ఆమెకు పోతుంది, పండక్కి చీరలు తెస్తే మొదట ఆమె ముందర పరుస్తారు. పెద్దమనిషి ఎదురుగా కూర్చుని ఉండగా ఆమెను వదిలి అందరికీ ఏదైనా పంచడమంటే అది పంచడం కాదు, నువ్వు లెక్కలో లేవని చెప్పడం. రూతు మొగుని వైపు ఒక చూపు చూసింది. ఆ మరుక్షణం నాలుగో వాటా వేసినారు. ఆమెకు వచ్చిన ముక్క మీద ఒక స్త్రీ కళ్లు మూసుకుని ఉంది. ఆమె మనసుతో శత్రువులను ఆడించే వీరనారి. ప్రార్థన చేసుకుంటోందని కమలాక్షమ్మకు నచ్చింది.

అప్పటినుంచి ప్రతి ఆదివారమూ కమలాక్షమ్మకు ముక్కలు పంచుతారు. ఆమె వాటిని భద్రంగా అందుకుని, సర్ది, ఒళ్లో బోర్లించి, ఒలుపు మొదలుపెడుతుంది. ఆమె వంతు వచ్చినప్పుడు "నాకేం తెలుసు, మీరు కానీండి" అంటుంది. వంతు ముందుకు పోతుంది. పోనీ ఆ ముక్కలు తీసుకుని ఆమె తరఫున ఆడదామంటే, పెద్దవాళ్ల విస్తట్లో వడ్డించింది తిరిగి తీసుకునే ఆచారం పాములపాడులోనూ లేదు, ఆళ్ళగడ్డలోనూ లేదు.

ఇక రూల్సు పుస్తకం. దాని చివరి పేజీలో ఒక సూత్రం ఉంది. ఎక్కడైనా రెండర్థాలు వచ్చి ఏది సరైనదో తేలకపోతే, ఆటగాళ్లకు ఎక్కువ నష్టం చేసే అర్థాన్నే తీసుకోండి, అని. ప్రపంచంలో ఇంతకంటే న్యాయమైన వాక్యం ఎవరూ రాయలేదని అజయ్ కుమార్ అభిప్రాయం. రాతిమనిషి ఇంకొకరికి అడ్డం పోయినప్పుడు అతని రాతి ఒళ్లు దెబ్బను తగ్గిస్తుందా, లేక అది తన దెబ్బలకే పనికొస్తుందా? పుస్తకంలో లేదు. వేలు లేచింది, సూత్రం వచ్చింది, నరసింహులు పూర్తి దెబ్బ తిన్నాడు. మెరుపు ఆమె విసిరిన పిడుగు పొగోనితో పాటు వాని అనుచరునికీ తగులుతుందా? లేదు. వేలు, సూత్రం, తగల్లేదు. కంపెనీకి రాస్తే వారం పది రోజులకు జవాబు వచ్చేది, తగులుతుంది అని. ఆ లోపల పట్టణం పొగలో మునిగి చాలా రోజులయ్యేది.

"పొగోడు తన తరఫున లాయరుగా పెట్టుకున్నట్టుంది నిన్ను," అన్నాడు నరసింహులు ఒకరోజు.

అజయ్ కుమార్ నవ్వలేదు. రూలు అందరికీ ఒకటేనని, మనకు అనుకూలంగా ఉన్నప్పుడే పాటించేది రూలు కాదని, పావుగంట చెప్పినాడు. ఆ పావుగంటలో రూతు కుర్చీలోనే ఒక కునుకు తీసింది.

నరసింహులు వ్యూహం వేరు. ఆయన చిన్నప్పటినుంచి రమ్మీ ఆడిన మనిషి; మంచి ముక్క వస్తే గుండెకు ఆనించి దాచుకోవడం నరాల్లో ఉంది. జట్టు ఆటలో ముక్కలు చూపించి మాట్లాడుకోవచ్చునని ఎన్నిసార్లు చెప్పినా, చివరిదాకా దాచి, పొగ నిండినాక నిట్టూర్చి ఆ ముక్క బల్ల మీద పెట్టేవాడు. చూస్తే దాంతో రెండు వంతుల ముందే సగం పని అయిపోయేది. అప్పుడు అజయ్ కుమార్ తల పట్టుకునేవాడు. కొట్టే ముక్క దాచుకునే జట్టూ, కొట్టిన దెబ్బ చెల్లదనే నాయకుడూ, ఆడని వీరనారీ, నిద్రపోయే మెరుపూ. ఇట్లాంటి పట్టణానికి పొగ పెట్టడానికి పొగోడు పెద్దగా కష్టపడనక్కర్లేదు.

పోయిన వేసవిలో ఒక ఆదివారం, గెలుపు అంచుదాకా వచ్చి, వేలు లేచి, దెబ్బ చెల్లక, ఓడిపోయినారు. నరసింహులు ముక్కలు బల్ల మీద బోర్లించి లేచి, చెప్పులేసుకున్నాడు. కోపంగా కాదు. విగ్రహానికి ముక్కు విరిగితే ఆ రాయిని పక్కకు జరుపుతారే, అంత మామూలుగా.

"వచ్చే ఆదివారం ఒక్కటి ఆడతా. అదీ ఓడితే ఇంక రాను, అజయా."

అజయ్ కుమార్ ఇది ఆటే గదా అన్నాడు.

"ఆటే. ఆళ్ళగడ్డలో రమ్మీ గూడా ఆటే. ఆడ నేను ఓడితే ఇంకొకడన్నా గెలుస్తాడు. ఈడ ఎవడూ గెలవడు. అందరం కూచోని ఓడిపోను నేను ఆళ్ళగడ్డనుంచి బస్సెక్కి రావల్లనా?"

కమలాక్షమ్మ ఒలుస్తున్న శనక్కాయ చేతిలోనే ఉండిపోయింది. ఆ అబ్బాయి తినకపోతే కోడికూరలో ఆ రెండో కాలు ఎవరికి వేయాలా అన్నది ఆమె ముందున్న సమస్య.

ఆ వారం అజయ్ కుమార్ సివిక్స్ ఇంకొంచెం నిర్జీవంగా చెప్పినాడని పిల్లలెవరూ గమనించలేదు. ఆయన స్టాఫ్ రూములో కూర్చుని ఓటమికి కారణం వెతికినాడు. నరసింహులు దాచుకోవడమా? రూతు నిద్రా? వేలు అన్న అనుమానం ఆయనకు రాలేదు. బుధవారం మధ్యాహ్నం, క్యారియరు విప్పుతూ, నిజం కనిపెట్టినాడు. పొగోని బలం ఆడేవాళ్ల సంఖ్యను బట్టి ఉంటుంది. తలకు పది. నలుగురు ఆడితే నలభై. వీళ్లు ఎప్పుడూ నలభైతోనే మొదలుపెడుతున్నారు. కానీ కొట్టేది ముగ్గురు. నాలుగో తల శనక్కాయలు ఒలుస్తోంది.

ముగ్గురం ఆడుతున్నట్టు లెక్క వేసుకుంటే ముప్ఫైయే. గెలుపు చేతిలో ఉన్నట్టే. అయితే, చేతిలో ముక్కలున్న మనిషిని ఆటగాడు కాదనవచ్చునా? స్టాఫ్ రూములో ఒంటరిగా వేలు లేచింది, కళ్లు మూతపడినాయి. ఇంటిలోని పెద్దకు గౌరవార్థం ముక్కలు ఇచ్చి, ఆమె వాటిని వాడనప్పుడు, ఆమెను లెక్కలోకి తీసుకోవాలా వద్దా అని కంపెనీకి రాసినాడు. ఈసారి జవాబు రెండు రోజుల్లోనే వచ్చింది. మా ఆట ఆడుతున్నందుకు ధన్యవాదాలు, మీ ప్రశ్న మాకు అర్థం కాలేదు, ఆమె ఆడటం లేదు గదా, మరి ముక్కలు ఎందుకిచ్చినారు, అని అడిగినారు.

అజయ్ కుమార్ ఆ కంపెనీవాళ్ల మీద జాలిపడినాడు. జవాబు తేలలేదు కాబట్టి సందేహం అట్లాగే ఉంది. సందేహం ఉంది కాబట్టి చివరి పేజీ సూత్రం వర్తిస్తుంది. ఆయన తన చేత్తోనే తీర్పు రాసుకున్నాడు: ఆమె ఆటగత్తెయే, నలభై.

ఇంక మిగిలింది ఒకటే దారి, ఆమెకు ముక్కలు పంచకపోవడం. ఆ మాట ఆమెకు ఎవరు చెప్పాలన్నది శుక్రవారం ఇంట్లో చర్చకు వచ్చింది. రూతు తను చెప్పనన్నది. మీ అత్త, మీరే చెప్పండి, అన్నది. నరసింహులుకు ఫోను చేస్తే, ఆ అమ్మ చేత్తో ఇన్నేళ్లు అన్నం తిన్నానని, ఆ పాపం తనకొద్దని, పొగోని చేతిలో సావడమే నయమని చెప్పి పెట్టేసినాడు.

కాబట్టి శనివారం మధ్యాహ్నం అజయ్ కుమార్ అత్తకు ఆట నేర్పడానికి కూర్చున్నాడు. ఆమె శ్రద్ధగా విన్నది. ఇంగ్లీషు రాదని మొదటే చెప్పింది. ఈ పొగోడు మనమీదికి ఎందుకు వచ్చినాడని అడిగింది. పుస్తకంలో కారణం లేదు. వానికి పెండ్లాం బిడ్డలు ఉన్నారా అని అడిగింది. అదీ లేదు. ముక్కల సంగతి తనవల్ల కాదని తేల్చి, పక్కనున్న డబ్బా వైపు చూసింది. పెట్టెలో ఉండవలసిన లెక్క బిళ్లలు బెంగుళూరులోనే పోయినాయి. వాటి బదులు వాడే చింతపిక్కలు కమలాక్షమ్మ కుండలోవే.

"ఇవేందీ, ఇవి ఎందుకు తీస్తాంటారు?"

"అది వాని బలం అత్తా. మనం మూడు దెబ్బలు కొడితే మూడు పిక్కలు తీసి మూతలో వేస్తాం."

"అంటే వాని పానం ఈ పిక్కల్లో ఉందన్నమాట."

"అవునత్తా."

"ఇవి అయిపోతే సస్తాడు."

"అవునత్తా. కానీ ఏ ముక్కకు ఎన్ని తీయాలనేది..."

ఆ "కానీ" తర్వాతది ఆమె వినలేదు. పిక్కలు తనవే గదా, వాటిని తనే చూసుకుంటానన్నది. ఎంత తీయమంటే అంత తీస్తానన్నది. అత్తకు మొత్తానికి ఒక బాధ్యత దొరికినందుకు అజయ్ కుమార్ సంతోషించినాడు. వ్యూహం మీద ఆయనకు మిగిలిన ఆశ కూడా అంతే.

ఆదివారం వచ్చింది. నరసింహులు వచ్చినాడు, తిన్నాడు, పెట్టె తెరిచినారు. నాలుగు వాటాలు పంచినారు. కమలాక్షమ్మ ముక్కలు ఒళ్లో బోర్లించి, ఒక పక్క శనక్కాయల చేట, ఇంకో పక్క నలభై పిక్కల డబ్బా పెట్టుకుని కూర్చుంది. అజయ్ కుమార్ స్వయంగా లెక్కపెట్టి పోసినాడు.

ఆరోజు పణం పెద్దది కాబట్టి అజయ్ కుమార్ ఎన్నడూ లేనంత జాగ్రత్తగా ఉన్నాడు. అంటే వేలు ఎన్నడూ లేనన్ని సార్లు లేచింది. రాతిమనిషి రెండోసారి గుద్దవచ్చునా? ఒక్క నిమిషం. మెరుపు ముక్క వాడినందుకు వెలగా పారేసిన ముక్క మళ్లీ చేతికి వస్తుందా? ఒక్క నిమిషం. ప్రతిసారీ ఆయన తల పుస్తకంలోకి వంగేది. నరసింహులు విసుగుతో రోడ్డు వైపు తిరిగి ఆటోలు చూసేవాడు. రూతు కళ్లు మూసుకునేది. వరండాలో శనక్కాయలు పగిలే శబ్దం తప్ప ఇంకేమీ ఉండేది కాదు. కాసేపటికి ఆయన తలెత్తి, చెల్లదు, అనేవాడు. ఆట ముందుకు పోయేది.

మూడు గంటలు దాటేసరికి పట్టణంలో ఒక్క వీధి తప్ప అంతా పొగే. ఇంకొక్క వంతు. నరసింహులు అప్పటిదాకా గుండెకు ఆనించుకున్న ముక్క దించినాడు, ఈసారి నిండకముందే. ఏడు దెబ్బలు. అజయ్ కుమార్ వేలు ఎత్తబోయి, పుస్తకం చూసి, చెల్లుతుందని ఒప్పుకున్నాడు. ఆయన మనసులో లెక్క ప్రకారం ఇంకా పదికి పైనే మిగలాలి. రూతు దగ్గరేమో నాలుగు దెబ్బల మెరుపు ఒక్కటే ఉంది. అయిపోయిందని ఆయనకు తెలుసు. రూతు ఆవలిస్తూ మెరుపు వేసింది.

కమలాక్షమ్మ డబ్బాను వాళ్ల వైపు వంచి చూపించింది.

"అయిపోయినాయి నాయనా."

ఎట్లా గెలవాలో తెలియని జట్టుకు గెలిచినాక ఏం చేయాలో కూడా తెలియదు. చివరికి నరసింహులు లేచి, పక్కింటివాళ్లు తొంగిచూసేటట్టు ఈల వేసినాడు. కమలాక్షమ్మ కాళ్లకు దండం పెట్టినాడు, ఎందుకో ఆయనకే తెలియదు. వచ్చే ఆదివారం పొద్దున బస్సుకే వస్తానన్నాడు. ఇంకో విలన్ ఉన్నాడట గదా, వాని సంగతి గూడా చూద్దామన్నాడు. రూతు చానా రోజులకు నవ్వింది.

అజయ్ కుమార్ పెట్టె సర్దుతున్నాడు. మూతలోని పిక్కలు డబ్బాలో పోయబోయి ఆగినాడు. మూతలో నలభై ఉండాలి. చూపుకే తెలుస్తోంది, లేవు. ఆయన చూపు మూత మీదినుంచి చేట మీదికి పోయింది. శనక్కాయ పొట్టు అడుగున, గోధుమరంగులో నున్నగా, ఇక్కడొకటి అక్కడొకటి మెరుస్తున్నాయి. కమలాక్షమ్మ అల్లుని ముఖంలోకి చూసింది. చూసి, చేట అందుకుని, ఏమీ జరగనట్టు, పొట్టు చెరిగింది.

చూపుడువేలు లేచింది. నిటారుగా.

గేటు దగ్గర చెప్పులేసుకుంటున్న నరసింహులు చూసినాడు. "ఏందప్పా? ఇంకా ఏమన్నా ఉందా?"

పుస్తకం అక్కడే ఉంది. దీని గురించి దాంట్లో సందేహానికి తావే లేదు. చివరి పేజీ దాకా పోనక్కర్లేదు. అజయ్ కుమార్ వేలు కాసేపు గాలిలో నిలిచింది. తర్వాత మెల్లగా వంగి, రోడ్డు వైపు తిరిగింది.

"ఏం లేదు. బస్సుకు టైమైంది అంటాండా."

ఆ తర్వాతి ఆదివారం కమలాక్షమ్మ బనగానపల్లెలో చుట్టాలింట్లో పెండ్లికి పోయింది. నరసింహులు పొద్దున బస్సుకే వచ్చినాడు. మూడు వాటాలే పంచినారు, ముప్ఫై పిక్కలే పోసినారు. ఓడిపోయినారు.